గిటార్ కొనేముందు గది చూసుకోండి

నోయిడా సెక్టార్లలో, గురుగ్రామ్ టవర్లలో, ద్వారక సొసైటీల్లో ఉంటూ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లలో గిటార్ నేర్చుకోవాలన్న కోరిక చాలామందికి ఉంది. కాలేజీ రోజుల్లో డబ్బు లేక వాయిదా పడ్డ ముచ్చట జీతం కుదురుకున్నాక మళ్లీ తలెత్తుతుంది. అది మంచి కోరిక. రాత్రి ఫోన్ చూస్తూ గడిచిపోయే గంటను సంగీతానికి ఇస్తే మనసుకు జరిగే మేలు అంతా ఇంతా కాదు. అయితే కోరిక పుట్టగానే చాలామంది వేసుకునే ప్రశ్న "ఏ కంపెనీ గిటార్ కొనాలి, ఎన్ని వాట్ల యాంప్లిఫయర్ కొనాలి" అన్నది. అది రెండో ప్రశ్న కావాలి. మొదటి ప్రశ్న "నేను ఏ గదిలో, ఏ వేళప్పుడు, ఏ పాట వాయిస్తాను" అన్నది. దానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పుకుంటే రెండో ప్రశ్న సగం దానంతటదే తేలిపోతుంది, డబ్బూ మిగులుతుంది. చెప్పుకోకుండా కొంటే ఎంత ఖరీదైన వాద్యమైనా అల్మరా పైకి చేరుతుంది. ఈ మాటను నిరూపించడానికి శబ్దశాస్త్రం నుంచి, ఢిల్లీ వాతావరణం నుంచి, మన సంగీత సంప్రదాయం నుంచి కావలసినన్ని ఆధారాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

వాయించిన గంటలే లెక్క

గిటార్ల తయారీలో ప్రపంచమంతా పేరున్న ఫెండర్ కంపెనీకి సీఈఓగా ఉండగా ఆండీ మూనీ ఇంటర్వ్యూల్లో ఒక సంగతి దాచకుండా చెప్పారు. కొత్తగా గిటార్ పట్టినవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఏడాది తిరక్కుండానే వదిలేస్తున్నారట. గిటార్లు అమ్ముకుని బతికే సంస్థే ఈ మాట ఒప్పుకున్నప్పుడు కొనేవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ కంపెనీ 2017లో ఫెండర్ ప్లే పేరుతో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది. గిటార్ కొన్నవాడు వాయిస్తూ ఉంటేనే తన వ్యాపారం నిలుస్తుందని దానికి అర్థమైంది. అదే పాఠం కొనుక్కునేవాడికీ వర్తిస్తుంది. మానేయడానికి కారణాలు వెతికితే పెద్ద తాత్త్విక విషయాలేమీ దొరకవు. వేళ్లు నొప్పెడతాయి. ఎంత శ్రుతి చేసినా స్వరం తప్పుగా వినిపిస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది, ఆ వేళలో శబ్దం చేస్తే పక్క ఫ్లాట్ వాళ్లు ఏమనుకుంటారోనని జంకు. వాద్యం కవర్లో ఉంటుంది, కవర్ మంచం కింద ఉంటుంది. వీటిలో ప్రతి ఒక్కటీ కొనేటప్పుడే తొలగించుకోగల ఇబ్బంది.

కాబట్టి గిటార్ ఖరీదును వాయించిన గంటలతో భాగించి చూడటం అలవాటు చేసుకోవాలి. 12,000 రూపాయల గిటార్‌ను రోజుకు అరగంట చొప్పున ఏడాదిలో 300 రోజులు వాయిస్తే 150 గంటలవుతాయి, గంటకు 80 రూపాయలు పడుతుంది. 80,000 పెట్టి కొన్నదాన్ని 20 గంటలు వాయించి పక్కన పెడితే గంటకు 4,000 పడుతుంది. ఏది చవక, ఏది ఖరీదు అన్నది ఈ లెక్కలోనే తేలుతుంది. ఇక మీదట ఏ ఖర్చు ముందు నిలబడ్డా ఒక్కటే అడగాలి: ఈ డబ్బు రేపు సాయంత్రం నన్ను గిటార్ దగ్గరికి తెస్తుందా, దూరం చేస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు మీరు వాయించదలచుకున్న సంగీతం దగ్గర మొదలవుతుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను తలుచుకోండి. మామూలు మాండలిన్‌కు జంట తీగలు నాలుగు ఉంటాయి, మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం, గమకానికి స్వరం నిలవాలి. అందుకని ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. వాద్యానికి సంగీతాన్ని కుదించలేదు, సంగీతానికి తగ్గట్టు వాద్యాన్ని మలచుకున్నారు. అభిరుచి కోసం వాయించేవాళ్లూ ఈ క్రమాన్నే పాటించాలి. ఇళయరాజా పాటలకు కార్డ్స్ పట్టుకుని పాడుకోవాలనుకుంటే అకౌస్టిక్ గిటార్ చాలు, యాంప్లిఫయర్ ఊసే అక్కర్లేదు. వేళ్లతో నెమ్మదిగా మీటే బాణీలు ఇష్టమైతే నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ చేతికి మెత్తగా ఉంటుంది. రాక్, బ్లూస్, సినిమా పాటల్లోని లీడ్ బిట్లు మీ మనసులో ఉంటే నేరుగా ఎలక్ట్రిక్‌తో మొదలుపెట్టండి. "ముందు అకౌస్టిక్ మీద వేళ్లు గట్టిపడాలి, ఆ తర్వాతే ఎలక్ట్రిక్" అనే సలహా ప్రచారంలో ఉంది గానీ దానికి ఆధారం బలహీనం. మామూలు 12 గేజ్ (తీగ మందం) అకౌస్టిక్ సెట్‌లో ఆరు తీగల లాగుడు కలిపి 70 కిలోల పైచిలుకు ఉంటుంది. 10 గేజ్ ఎలక్ట్రిక్ సెట్‌లో అది సుమారు 46 కిలోలు. మొదటి ఏడాదిలోనే ఎక్కువమంది మానేస్తున్నప్పుడు, ఎక్కువ నొప్పి పెట్టేదానితో కావాలని మొదలుపెట్టడంలో లాభం కనిపించదు.

చేతికి లొంగే గిటార్

గిటార్ మంచిచెడ్డలు తలమీది పేరు చెప్పదు, తీగ ఎత్తు చెబుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఉండే ఖాళీని గిటారిస్టులు యాక్షన్ అంటారు. అకౌస్టిక్‌లో ఆ ఖాళీ లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్ల దగ్గర, సన్న తీగ కింద రెండుకు కాస్త తక్కువగా ఉంటే చేతికి హాయి. ఎలక్ట్రిక్‌లో ఇంకా తగ్గించవచ్చు. అదే ఖాళీ నాలుగు మిల్లీమీటర్లుంటే ఏ కొత్త విద్యార్థీ ఎఫ్ కార్డ్ పట్టలేడు. తప్పు గిటార్‌లో ఉన్నా "నా వేళ్లు దీనికి పనికిరావు" అనుకుని మానేస్తాడు. కొట్టుకు వెళ్లేటప్పుడు జేబులో ఒక స్టీలు స్కేలు పెట్టుకుంటే చాలు, ఈ పరీక్ష నిమిషంలో అయిపోతుంది. తర్వాత ఒకే తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట రెండో చేత్తో నొక్కి, మధ్యలో ఏడో ఫ్రెట్ దగ్గర చూడండి. విజిటింగ్ కార్డు మందమంత సందు కనిపించాలి. అసలు సందే లేకపోయినా, మరీ ఎక్కువ ఉన్నా నెక్ లోపలి ట్రస్ రాడ్‌ను సవరించాలి. ఆ తర్వాత ఫోన్‌లో ట్యూనర్ ఆప్ పెట్టి, తీగను విడిగా మీటి శ్రుతి చేసి, పన్నెండో ఫ్రెట్‌లో నొక్కి మళ్లీ మీటండి. అదే స్వరం పైస్థాయిలో కచ్చితంగా రావాలి. రాకపోతే ఆ గిటార్ కింద శ్రుతిలో ఉన్నా పైన అపశ్రుతి పలుకుతుంది. చివరగా నెక్ అంచు వెంట అరచేత్తో నిమరండి. ఫ్రెట్ల కొసలు గీసుకుంటే కర్ర ఎండి కుంచించుకుపోయిందని అర్థం.

వీణ ఉన్న ఇళ్లకు ఇదేమీ కొత్త సంగతి కాదు. వీణ మెట్లు మైనం మీద కూర్చి ఉంటాయి. కాలం గడిచేకొద్దీ అవి కదిలి స్వరం తప్పుతుంది, అప్పుడు మళ్లీ మేళం కట్టించాలి. బొబ్బిలిలో పనస దుంగ నుంచి చెక్కిన మేలైన వీణ అయినా మేళం చెడితే పలకదు. గిటార్‌కు సెటప్ చేయించడం, అంటే తీగ ఎత్తు, నెక్ సరిచేయించడం, అచ్చంగా మేళం కట్టించడం లాంటిదే. ఫ్యాక్టరీలో తయారైన గిటార్ ఇండోనేసియాలోనో చైనాలోనో ఒక తేమలో బిగించి, సముద్రం దాటి, గోడౌన్‌లో నెలలు గడిపి ఢిల్లీ ఎండలోకి వస్తుంది. ఆ ప్రయాణంలో నెక్ కదలడం సహజం. కాబట్టి గిటార్ ధరలోనే సెటప్ ఖర్చునూ కలుపుకుని బడ్జెట్ వేసుకోవాలి. సెటప్ చేసిన 12,000 గిటార్, సెటప్ లేని 25,000 గిటార్ కన్నా ఎక్కువ రోజులు మీ చేతిలో ఉంటుంది. వేలికి తెలిసేది తీగ ఎత్తే గానీ బిల్లు మీది అంకె కాదు.

ఇందుకే వాద్యాన్ని చేతితో చూసి కొనడం మేలు. ఆ విషయంలో ఢిల్లీవాసులు అదృష్టవంతులు. దరియాగంజ్‌లో నేతాజీ సుభాష్ మార్గ్ వెంట లాహోర్ మ్యూజిక్ హౌస్ లాంటి పాత వాద్యాల దుకాణాలు వరసగా ఉంటాయి. కన్నాట్ ప్లేస్‌లో రిఖీరామ్ దుకాణం ఉంది. 1920లో లాహోర్‌లో మొదలై, దేశ విభజన తర్వాత ఢిల్లీకి తరలివచ్చింది. పండిట్ రవిశంకర్‌కు సితార్లు చేసిచ్చింది. 1966లో బీటిల్స్ ఢిల్లీ వచ్చినప్పుడు వాద్యాలు కొన్నది అక్కడే. అక్కడ సితార్ కొనేవాళ్లు కూర్చుని, మీటి, విని, సవరణలు చెప్పి తీసుకుంటారు. పదివేల గిటార్ కొనేవాళ్లకూ అంత శ్రద్ధ చూపే హక్కు ఉంది. ఒకే మోడల్‌వి మూడు ఉంటే మూడూ తీసి చూపించమని మొహమాటపడకుండా అడగండి. ఆన్‌లైన్‌లో ధర తక్కువ ఉంటుందన్నది నిజమే. అక్కడే కొనాలనుకుంటే వాపసు తీసుకునే గడువు చదవండి, గిటార్ వచ్చిన రోజే పై పరీక్షలన్నీ చేయండి, మిగిలిన డబ్బుతో సెటప్ చేయించండి. అప్పుడు ఆ కొనుగోలూ సరైనదే.

కర్ర పేరు, ఢిల్లీ గాలి

"రోజ్‌వుడ్ గిటార్‌కు ఆ గంభీరమే వేరు, మహాగనీ అయితే తియ్యగా పలుకుతుంది" అని కొట్టులో చెబుతారు. వెనక చెక్క, పక్క చెక్కల పేరు మీద వేల రూపాయలు తేడా వస్తుంది. ఈ నమ్మకాన్ని ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షకు పెట్టారు. వెనక, పక్క చెక్కలు తప్ప అన్నీ ఒకేలా ఉండే ఆరు గిటార్లు చేయించారు. వాటిలో అతి ఖరీదైన బ్రెజిలియన్ రోజ్‌వుడ్, మన భారతీయ రోజ్‌వుడ్, చవకైన సపేలీ లాంటివి ఉన్నాయి. చీకటి గదిలో, కళ్లకు వెల్డర్ల అద్దాలు పెట్టించి 52 మంది గిటారిస్టులతో వాయింపజేశారు. ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ఆరింటికీ దాదాపు ఒకేలాంటి మార్కులు పడ్డాయి, కళ్లు మూసుకుంటే ఏది ఏ చెక్కో పోల్చుకోవడం కష్టమైపోయింది. ఈ ఫలితాన్ని సాగదీయకూడదు. అది వెనక, పక్క చెక్కల గురించే చెప్పింది. ముందు పలక విషయం వేరు. గిటార్‌లో ఎక్కువగా కంపించి శబ్దాన్ని పుట్టించేది ముందు పలకే, దాన్ని నిండు చెక్కతో చేస్తే ధ్వని విప్పారుతుందన్న మాటలో బలం ఉంది. కానీ మొదటిసారి కొనేవాళ్లు వెనక చెక్క పేరు చూసి అదనపు డబ్బు పెట్టనక్కర్లేదని చెప్పడానికి ఈ ఆధారం చాలు.

ముందు పలక దగ్గర ఢిల్లీ గాలి లెక్కలోకి వస్తుంది. అకౌస్టిక్ గిటార్లకు 45 నుంచి 55 శాతం తేమ హాయిగా ఉంటుంది. ఢిల్లీలో అలాంటి గాలి ఏడాదిలో కొద్ది రోజులే. మే నెలలో లూ గాలులు వీచే మధ్యాహ్నాల్లో తేమ 20 శాతం దగ్గరికి పడిపోతుంది. జులై, ఆగస్టుల్లో 80 దాటుతుంది. దానికి తోడు మనం గది లోపల చేసేది ఉంది. ఎయిర్ కూలర్ పెడితే గదంతా చెమ్మ, ఏసీ పెడితే పొడి, జనవరిలో రూమ్ హీటర్ పెడితే ఇంకా పొడి. నిండు చెక్క ఈ మార్పులకు ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది, చివరికి పలక చీలవచ్చు, తీగలు బిగించే బ్రిడ్జ్ లేవవచ్చు. పొరలు అతికించిన లామినేట్ పలక ఈ దెబ్బను చాలావరకు తట్టుకుంటుంది. గుంటూరులోనో కాకినాడలోనో ఉండే బంధువులు ఇచ్చిన సలహా ఇక్కడ యథాతథంగా పనికిరాకపోవడానికి కారణం ఇదే. కోస్తా గాలిలో తేమ ఇంతగా దూకదు.

కాబట్టి తేల్చుకోవడం సులువే. తేమను గమనించే ఓపిక మీకు ఉంటే నిండు చెక్క ముందు పలక ఉన్న గిటార్ కొనండి. దానితో పాటు కొన్ని వందల రూపాయల తేమ మీటరు, సౌండ్‌హోల్‌లో పెట్టే తడి స్పాంజి, గట్టి కేసు కొనండి. అంత ఓపిక లేకపోతే లామినేట్ గిటార్ కొని నిశ్చింతగా వాయించుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఎలక్ట్రిక్ గిటార్ దిమ్మలాంటి బాడీ ఈ వాతావరణానికి మరింత ఓర్చుకుంటుంది, నెక్‌ను మాత్రం వేసవి చివర ఒకసారి, శీతాకాలంలో ఒకసారి చూపిస్తే సరిపోతుంది. ఏ గిటార్‌నైనా కూలర్ ఎదురుగా, హీటర్ పక్కన, ఎండ పడే గోడకు పెట్టకండి. జూన్ ఎండలో నిలిపిన కారు డిక్కీలో గంటసేపు ఉంచినా జిగురు మెత్తబడి బ్రిడ్జ్ ఊడిపోయే ప్రమాదం ఉంది.

వాట్లు గదిని బట్టి

యాంప్లిఫయర్ దగ్గర జరిగే తప్పు ఇంకా పెద్దది. "10 వాట్లది పిల్లలది, కనీసం 50, 100 వాట్లు ఉండాలి" అనే మాట విని డబ్బు పోస్తారు. లెక్క చూద్దాం. గిటార్ స్పీకర్లలో చాలావాటికి ఒక్క వాటు ఇస్తేనే మీటరు దూరంలో 95 నుంచి 100 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. పదింతలైతే 10 డెసిబెల్స్, అది చెవికి సుమారు రెండింతలుగా వినిపిస్తుంది. అంటే 100 వాట్ల యాంప్ 10 వాట్ల దానికన్నా పదింతలు గట్టిగా మోగదు, రెండింతలు మోగుతుంది. ఇప్పుడు రెండో వైపు చూడండి. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి. ఒక వాటులో పదో వంతు ఖర్చు చేసినా మీ గదిలో 85 డెసిబెల్స్ దాటుతుంది. పైకప్పు, గోడలు పంచుకునే టవర్ ఫ్లాట్‌లో 100 వాట్ల యాంప్ కొన్నవాడు జీవితాంతం దాని వాల్యూమ్ ఒకటి దగ్గరే ఉంచుతాడు. ఆ నాబ్ మొదటి గీత దగ్గర చాలా యాంప్‌లు సరిగా పలకవు కూడా. 1960ల నడుమ లండన్‌లో ది హూ బృందం కోసం మార్షల్ కంపెనీ 100 వాట్ల యాంప్‌లు చేసినప్పుడు హాళ్లలో సౌండ్ సిస్టమ్‌లు బలహీనం, హాలంతా నింపాల్సిన భారం యాంప్ మీదే పడేది. ఆ అవసరం మన డ్రాయింగ్ రూమ్‌లో లేదు. ఈరోజుల్లో వేదికల మీద కూడా చిన్న యాంప్ ముందు మైకు పెట్టి హాలు సౌండ్‌కు కలిపేస్తున్నారు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) యాంప్ ధ్వనిలోని వెచ్చదనం డిజిటల్ యాంప్‌కు రాదని అనుభవజ్ఞులు అంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. వాల్వ్‌లు నిండుగా పని చేసేటప్పుడు ధ్వని పగిలే తీరు, మీటు బలానికి అది స్పందించే తీరు నిజంగానే ప్రత్యేకం. కానీ వాల్వ్‌లు నిండుగా పని చేయాలంటే వాల్యూమ్ పెంచాలి. 5 వాట్ల చిన్న వాల్వ్ యాంప్ కూడా ఆ స్థితిలో వంద డెసిబెల్స్ దాటిపోతుంది. మీరు పొందాలనుకున్న సుగుణం మీ ఇంట్లో ఎప్పటికీ బయటపడనిదైతే దానికి డబ్బు పెట్టడం దండగ. పైగా చెవి స్వభావం కూడా అడ్డు వస్తుంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ను ఎక్కువగా కోల్పోతుందని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపించారు. అందుకే కొట్టులో గట్టిగా వాయిస్తే అద్భుతంగా అనిపించిన యాంప్ ఇంట్లో నెమ్మదిగా వాయిస్తే పల్చగా వినిపిస్తుంది. యాంప్‌ను ఎప్పుడూ మీ ఇంట్లో పెట్టుకునే వాల్యూమ్‌లోనే పరీక్షించండి. యమహా టీహెచ్‌ఆర్, బాస్ కటానా, ఫెండర్ మస్టాంగ్ తరహా మోడలింగ్ యాంప్‌లు తక్కువ వాల్యూమ్‌లోనూ నిండుగా పలికేలా, రకరకాల ధ్వనులు ఒకే పెట్టెలో దొరికేలా తయారవుతున్నాయి. హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలు ఉందో లేదో తప్పక చూడండి. ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదికి చేరే మనిషికి ఆ చిన్న రంధ్రం వాట్లన్నిటికన్నా విలువైనది, అభ్యాసం నిలిచేది దాని వల్లే.

ఇంట్లో కరెంటు కూడా గది లెక్కలోనిదే. పాత కాలనీల్లో చాలాచోట్ల ఎర్తింగ్ సరిగా ఉండదు. అలాంటి చోట యాంప్ బుయ్‌మని మూలుగుతుంది, తీగ తాకితే జిల్లుమంటుంది. దాన్ని గిటార్ లోపమనుకుని మార్చేసే ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నులకు మార్చే అడాప్టర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి, అది ప్రాణం మీదికి తెస్తుంది. తీగల కంపనాన్ని అందుకునే పికప్‌లలో సింగిల్ కాయిల్ రకానివి ఇన్వర్టర్, ఫ్యాన్ రెగ్యులేటర్ల గుర్రును లాగేసుకుంటాయి. ఆ బాధ ఎక్కువుంటే గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో రూపొందించిన హంబకర్ రకం పికప్‌లు ఉన్న గిటార్ ఎంచుకోండి. ఇంట్లో ఉన్న పాటల మైక్ యాంప్లిఫయర్‌కో హోమ్ థియేటర్‌కో గిటార్ తగిలించి సరిపెట్టుకోవచ్చని కొందరు అంటారు. గిటార్ పికప్‌కు దాదాపు పది లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కావాలి. అది లేని చోట ధ్వని మొద్దుబారిపోయి వస్తుంది, ఆ మొద్దు ధ్వని వింటూ ఎవరికీ వాయించబుద్ధి కాదు.

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ప్రతి ఇంట్లోనూ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక అన్నయ్యో వదినో ఉంటారు, వచ్చేటప్పుడు తెచ్చిపెట్టమని అడగడం మామూలే. గిటార్ అయితే గట్టి కేసులో, తీగలు కాస్త వదులు చేసి తెప్పించుకోవచ్చు. యాంప్ విషయంలో మాత్రం జాగ్రత్త. అక్కడ 120 వోల్టుల కరెంటు, ఇక్కడ 230. అక్కడి వోల్టేజీకే తయారైన యాంప్‌ను నేరుగా మన సాకెట్లో పెడితే ఆ క్షణమే కాలిపోతుంది. వెనక రేకు మీద 100-240 వోల్టులు అని రాసి ఉంటేనే తెమ్మనండి. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. యాంప్‌ను ఇక్కడ కొనడమే మంచిది.

"మంచిది ఒకేసారి కొనేస్తే పోదా?"

ఇంతవరకు చెప్పినదానికి ఆలోచనాపరులు వేసే ప్రశ్నలు మూడు. మొదటిది: నాసిరకం గిటార్ ఉత్సాహం చంపుతుంది కదా అని. నూటికి నూరుపాళ్లు నిజం. నెక్ సవరించడానికి ట్రస్ రాడ్ కూడా లేని, ట్యూనింగ్ కీలు జారిపోయే రెండు మూడు వేల గిటార్లను ఈ వ్యాసం సమర్థించడం లేదు. వాటిని ఏ సెటప్ బాగు చేయలేదు. ఒక కనీస స్థాయి ఉంది, యమహా, కోర్ట్, స్క్వయర్ లాంటి కంపెనీల ప్రాథమిక మోడళ్లు ఆ స్థాయిని అందుకుంటాయి. దాని కింద కొనకూడదు. దాని పైన పెట్టే ప్రతి వెయ్యికీ దక్కే లాభం మాత్రం తగ్గుతూ పోతుంది. రెండో ప్రశ్న: ఖరీదైనది కొంటే డబ్బు పోసిన బాధకైనా వాయిస్తాం కదా అని. మనుషుల అలవాట్లు చూస్తే అలా జరగడం తక్కువ. జిమ్‌కు ఏడాది ఫీజు కట్టి మార్చి నాటికి మానేసినవాళ్లను అందరం చూస్తూనే ఉన్నాం. పైగా లక్ష పెట్టి కొన్నదానికి గీత పడుతుందేమోనని పిల్లల ముందు బయటికి తీయరు, కేసులో భద్రంగా ఉంచుతారు. భద్రంగా ఉన్న వాద్యం వాయించని వాద్యమే. మూడోది: రెండుసార్లు కొనడం కన్నా ఒకేసారి కొనడం పొదుపు కదా అని. మొదటి ఏడాది పూర్తయ్యాక గానీ మీకు సన్న నెక్ నచ్చుతుందో, లావు నెక్ నచ్చుతుందో, మీ చెవి ఏ ధ్వనిని కోరుతుందో తెలియదు. ఆ తెలివి రాకముందు కొన్న ఖరీదైన వాద్యం సగం జూదం.

అంతేకాదు, రెండోసారి కొనడం ఎన్‌సీఆర్‌లో అంత భారం కాదు. చదువులకు, ఉద్యోగాలకు వచ్చి మళ్లీ ఊళ్లు మారే జనం ఇక్కడ చాలా ఎక్కువ, వెళ్లేటప్పుడు గిటార్లు, యాంప్‌లు అమ్మేసి వెళ్తుంటారు. మీరు కొన్న ప్రాథమిక గిటార్‌ను కొంత నష్టానికి అమ్మి, మరొకరి మంచి గిటార్‌ను తక్కువ ధరకు తీసుకోవచ్చు. పాతది కొనేటప్పుడు పైన చెప్పిన పరీక్షలకు తోడు ఇంకొన్ని చూడండి. బ్రిడ్జ్ కింద కాగితం దూరితే అది లేస్తోందని అర్థం. పలక పొట్టలా ఉబ్బి ఉండకూడదు. ఫ్రెట్ల మీద తీగ గాట్లు లోతుగా పడి ఉంటే కొత్త ఫ్రెట్ల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఎలక్ట్రిక్ అయితే నాబ్‌లన్నీ తిప్పి చూడండి, చరచరమంటే లోపల శుభ్రం చేయాలి. యాంప్‌ను కనీసం పావుగంట ఆన్‌లో ఉంచి వినండి, కొన్ని లోపాలు వేడెక్కాకే బయటపడతాయి.

చేతిలో 30,000 ఉండి ఎలక్ట్రిక్ కావాలనుకునేవారు ఆ డబ్బును ఇలా పంచుకోవచ్చు. గిటార్‌కు సగం, హెడ్‌ఫోన్ వీలున్న చిన్న యాంప్‌కు మూడో వంతు కన్నా కొంచెం తక్కువ. మిగిలినది సెటప్, ఒక అదనపు తీగల సెట్, మంచి కేబుల్, స్ట్రాప్, స్టాండ్‌లకు. స్టాండ్‌ను అదనపు సరుకు అనుకోకండి. హాల్లో కళ్లముందు నిలబడి ఉన్న గిటార్ టీ కాచుకునే ఐదు నిమిషాల్లోనూ చేతికొస్తుంది. అకౌస్టిక్ కొనేవారికి యాంప్ ఖర్చే లేదు, ఆ డబ్బు గురువుకు ఇవ్వండి. నేర్పే మనిషి మీద పెట్టిన రూపాయి ధ్వని మార్చే ఏ పెడల్ మీద పెట్టినదానికన్నా ఎక్కువ కాలం పలుకుతుంది. ఇక రెండో గిటార్ మీదికి, కొత్త పెడల్ మీదికి మనసు పోయినప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ఉన్నదాని మీద నూరు గంటలు పూర్తి చేసి, ఐదు పాటలు మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించగలిగాకే కొత్తది. అప్పటికీ కావాలనిపిస్తే నిరభ్యంతరంగా కొనుక్కోండి, అప్పుడు ఏం కొనాలో మీకే తెలుస్తుంది.

ఈ వారాంతం దుకాణానికి బయలుదేరే ముందు ఒక కాగితం తీసుకుని మూడు వాక్యాలు రాయండి: ఏ గదిలో వాయిస్తారు, ఏ వేళకు వాయిస్తారు, మొదట నేర్చుకునే పాట ఏది. కాగితాన్ని స్టీలు స్కేలుతో పాటు జేబులో పెట్టుకుని వెళ్లండి. ఆ మూడు వాక్యాలకు సరిపోయే గిటార్ ధర ఎంత తక్కువైనా సందేహించకుండా తీసుకోండి, సరిపోనిది ఎంత పేరున్నదైనా అక్కడే వదిలేసి రండి.